నెంబరు లేని మెదడు

మా ఉద్దానంలో క్రియాటినిన్ అంటే తెలియని మనిషి ఉండడు. అక్షరమ్ముక్క రాని ముసలమ్మ కూడా "మావోడికి ఆరున్నరుంది బాబూ, పోయిన్నెల అయిదే" అని చెప్పేస్తుంది. హైదరాబాదులో మనం "హైక్ ఎంతొచ్చింది?" అని అడుగుతామే, అంత మామూలుగా అక్కడ టీ కొట్టు దగ్గర "ఇప్పుడెంతుంది?" అని అడుగుతారు. ఏది ఎంత అని ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మాది టెక్కలి. 1994లో ఎన్టీఆర్ హిందూపురంతో పాటు గెలిచిన రెండో సీటు అంటే చాలామందికి గుర్తొస్తుంది. అక్కణ్ణుంచి పలాస మీదుగా ఇచ్ఛాపురం వైపు వెళ్తుంటే సముద్రం పక్కన వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలాలు. కొబ్బరి, జీడిమామిడి తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అందులో చాలా తోటల్ని నేలమట్టం చేసింది. చూడ్డానికి కోనసీమకి ఏమాత్రం తీసిపోదు గానీ, ఆ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, సిలికా అన్నారు, ఎండలో పని అన్నారు, జన్యువులన్నారు. ఇదీ కారణం అని ఇప్పటికీ ఎవరూ గట్టిగా తేల్చలేదు.

ఇంత చెప్పాను గానీ, ఈ టపా కిడ్నీల గురించి కాదు. మెదడు గురించి, ఎమ్మారై స్కానింగు గురించి. కానీ ఆ క్రియాటినిన్ నెంబరు దగ్గర్నుంచే మొదలెట్టాలి.

ఆ నెంబరులో ఉన్న గొప్పతనం ఏంటంటే, దానికి యూనిట్టుంది. డెసిలీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు. సోంపేటలో పరీక్ష చేయించినా విశాఖపట్నంలో చేయించినా పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. డాక్టరు మారినా, ల్యాబు మారినా, ప్రభుత్వం మారినా, జేబులో చిన్న నోట్‌బుక్కు ఉంటే చాలు, నాలుగేళ్ళ చరిత్ర చేతిలో ఉన్నట్టే. చదువుతో సంబంధం లేకుండా రోగి తన జబ్బుని తనే కొలుచుకునే హక్కు అది.

ఇప్పుడు మా మావయ్య సంగతి. జీడితోట రైతు, వయసు అరవై దాటింది. నాలుగేళ్ళుగా డయాలిసిస్ మీద ఉన్నాడు. ఒకరోజు పొద్దున్న మాట ముద్దగా వచ్చి, సాయంత్రానికి సర్దుకుంది. చిన్న స్ట్రోకేమో చూద్దామని ఎమ్మారై తీయించారు. ఎనిమిది నెలల తర్వాత మతిమరుపు మొదలైంది. ఈసారి వేరే ఊళ్ళో, వేరే మెషీన్లో రెండో స్కాన్. మొదటి రిపోర్టులో మెదడు తెల్ల పదార్థంలో "కొన్ని" మచ్చలున్నాయని రాశారు. రెండోదాంట్లో "అనేక" మచ్చలున్నాయన్నారు. అత్తయ్య ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "పెరిగినట్టా, లేనట్టా?"

డాక్టరుగారు నిజాయితీగా చెప్పారు. రెండు మెషీన్లు వేరు, సెట్టింగులు వేరు, చదివినవాళ్ళు వేరు, కచ్చితంగా చెప్పలేనన్నారు. ఆయన తప్పు లేదు. స్కాన్ చేసినవాళ్ళ తప్పూ లేదు. కానీ నాకు ఊరుకోబుద్ధి కాలేదు. రెండు సీడీలూ ల్యాప్‌టాప్‌లో తెరిచి, మెదడులో దాదాపు ఒకే చోట పిక్సెల్ విలువ చూశాను. మొదటిదాంట్లో 412. రెండోదాంట్లో 1180. 412 ఏంటి? 1180 ఏంటి? మిల్లీసెకన్లా, వోల్టులా, కిలోలా?

ఏమీ కాదు. ఉత్త అంకెలు.

మన వృత్తిలో యూనిట్లు లేని నెంబరు ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. 1999లో నాసావాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ మునిగిపోయింది అందుకే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్లలో లెక్కిస్తే ఇంకోటి న్యూటన్లనుకుంది. మరి కోట్ల రూపాయల మెషీన్లు మన మెదడుని ఫొటో తీసి యూనిట్లు లేని అంకెలిస్తుంటే ఎవరూ ఎందుకు గొడవ చెయ్యరు?

అప్పట్నుంచీ ఖాళీ దొరికినప్పుడల్లా దీని గురించి చదువుతున్నాను. నేను డాక్టర్నీ కాదు, ఫిజిక్స్ వాణ్ణీ కాదు. అర్థమైనంతవరకూ మన భాషలో చెప్తాను.

ఎమ్మారై మెషీన్ చూసేది ప్రధానంగా మన ఒంట్లో నీళ్ళలోని హైడ్రోజన్ని. పెద్ద అయస్కాంతంలో పడుకోబెట్టి, రేడియో తరంగంతో ఆ హైడ్రోజన్ని ఒక తోపు తోస్తారు. అది తిరిగి సర్దుకునేటప్పుడు సిగ్నల్ ఇస్తుంది. సర్దుకోవడంలో రెండు కాలాలున్నాయి, టీ1, టీ2 అంటారు. ఇవి అచ్చమైన కొలతలు, మిల్లీసెకన్లలో ఉంటాయి. 3 టెస్లా మెషీన్లో మెదడు తెల్ల పదార్థం టీ1 సుమారు 800 - 900 మిల్లీసెకన్లు, బూడిద పదార్థానిది 1300 పైమాట, చుట్టూ ఉండే ద్రవానిది 4000 దాకా. కణజాలంలో నీరు పెరిగినా, నరాల మీద కొవ్వు పొర దెబ్బతిన్నా ఈ కాలాలు మారతాయి. అంటే మెదడుకీ ఒక క్రియాటినిన్ లాంటిది ఉంది! ఒకటి కాదు, ప్రతి చుక్కకీ రెండు మూడు ఉన్నాయి.

మరి మనకిచ్చే ఫిల్ముల్లో అవెందుకు లేవు? ఎందుకంటే రోజూ తీసేవి "టీ1 వెయిటెడ్", "టీ2 వెయిటెడ్" బొమ్మలు. టీ1 తేడాలు బాగా కనబడేలా తీసిన ఫొటో అన్నమాట, టీ1 కొలత కాదు. అందులో టీ1, టీ2, నీటి పరిమాణం, కాయిల్ ఎంత దగ్గరగా ఉంది, మెషీన్ ఎంత పెంచి చూపించింది, అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఏది నలుపో ఏది తెలుపో రేడియాలజిస్టు కళ్ళతో పోల్చి చెప్తారు. ఆ పని వాళ్ళు అద్భుతంగా చేస్తారు, అందులో సందేహం లేదు. అయితే పోలిక ఒకే బొమ్మలోపల నడుస్తుంది గానీ, ఈ ఊరి బొమ్మకీ ఆ ఊరి బొమ్మకీ మధ్య నడవదు.

చిత్రమేంటంటే, ఈ కథ మొదలైందే కొలతతో. 1971లో రేమండ్ డమాడియన్ అనే ఆయన ఎలుకల కణుతుల్లో టీ1, టీ2 మామూలు కణజాలం కంటే వేరుగా ఉన్నాయని సైన్స్ పత్రికలో రాశాడు. అప్పటికి బొమ్మ అనేదే లేదు, నెంబర్లే. 1973లో పాల్ లాటర్‌బర్ బొమ్మ తియ్యడం చూపించాడు. 1975లో రిచర్డ్ ఎర్నస్ట్ దగ్గర పనిచేసిన మన అనిల్ కుమార్ (తర్వాత బెంగుళూరు ఐఐఎస్సీ), వెల్టి, ఎర్నస్ట్ కలిసి ఫురియే పద్ధతి ఇచ్చారు. ఈనాటి స్కానర్లు నడిచేది దాని వారసత్వం మీదే. 1977 జూలై 3న డమాడియన్ బృందం మొదటిసారి మనిషి ఛాతీని స్కాన్ చేసింది. ఒక్క అడ్డకోతకి అయిదు గంటలకి కాస్త తక్కువ పట్టింది! 2003 నోబెల్ లాటర్‌బర్‌కీ, వేగంగా తీసే దారి చూపిన పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కీ వచ్చింది. తనకి రాలేదని డమాడియన్ పేపర్లలో ఫుల్‌పేజీ ప్రకటనలిచ్చి మరీ పోట్లాడాడు. ఆ గొడవ మనకొద్దు. మొత్తానికి బొమ్మ గెలిచింది, నెంబరు వెనకబడింది. కారణం ఒకటే: టైము.

ఎంత టైమో లెక్కేద్దాం. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు అమాయకంగా టీ1 కొలవాలంటే, ఒకసారి తోసి, కొంచెం ఆగి చదివి, మళ్ళీ పూర్తిగా సర్దుకునేదాకా ఆగాలి. ఒక్కో గీతకి 10 సెకన్లనుకోండి. 256 గీతలకి 2560 సెకన్లు. ఇలా అయిదు వేరువేరు ఆలస్యాలతో చెయ్యాలి. మూడున్నర గంటలు దాటింది.

పోనీ నాణ్యత పెంచుదామా? ఒక మిల్లీమీటరు ఘనాలని అర మిల్లీమీటరు ఘనాలు చేస్తే ఘనపరిమాణం ఎనిమిదో వంతు, సిగ్నలూ ఎనిమిదో వంతు. నాయిస్ తగ్గేది టైముకి వర్గమూలంగా మాత్రమే కాబట్టి, మునుపటి స్పష్టత రావాలంటే 64 రెట్ల టైము కావాలి. అయిదు నిమిషాల స్కాన్ అయిదు గంటల ఇరవై నిమిషాలవుతుంది. ర్యాము పెంచితేనో, సర్వర్లు పెంచితేనో తీరే బాధ కాదు. ఇది ప్రకృతి పెట్టిన రేట్ లిమిట్ :)

ఇక ఆ గొట్టంలో పడుకున్న మనిషి సంగతి. డయాలిసిస్ రోగుల్లో చాలామందికి కాళ్ళు ఊరికే ఉండవు, లాగుతుంటాయి. ఒంట్లో నీరు చేరితే వెల్లకిలా పడుకోగానే ఆయాసం, దగ్గు. ఫిస్టులా ఉన్న చెయ్యి ఎటు పెట్టాలో తెలీదు. పైగా వారానికి మూడు రోజులు డయాలిసిస్ కుర్చీకే పోతాయి. మిగిలిన రోజుల్లో ఒకటి చూసుకుని, చీకటితో బయల్దేరి, నూటయాభై కిలోమీటర్లు వెళ్ళి పడుకోవాలి. మావయ్య రెండో స్కాన్ అయ్యాక కార్లో అన్నమాట ఇది:

"ఒరే అల్లుడూ, కాలు కదిపితే మల్లీ మొదట్నుంచంట. మూడుసార్లు మొదలెట్టినారు. అందులో తొంగున్నోడికి గంటంటే ఎంతో ఆలకి తెలుసేటి? మీ కంప్యూటర్లన్నీ ఏటి సేత్తన్నాయిరా?"

న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు వెతికితే, మన కంప్యూటర్లు నిజంగానే చాలా చేస్తున్నాయి.

స్కానర్ పోగుచేసేది బొమ్మని కాదు, బొమ్మ ఫురియే రూపాన్ని. మొత్తం పోగుచేసి ఎఫ్ఎఫ్‌టీ చేస్తే బొమ్మ వస్తుంది. మొత్తం పోగుచెయ్యకుండా సగమే తెస్తే? మామూలుగా బొమ్మ మీద బొమ్మ మడతపడి వస్తుంది. ఆ మడత విప్పడమే గత పాతికేళ్ళ కథంతా. మొదట తల చుట్టూ చాలా కాయిల్స్ పెట్టారు. ఒక్కో కాయిల్ తన పక్కనున్నదాన్ని గట్టిగా వింటుంది. పెళ్ళిలో నాలుగు మూలల నుంచీ నలుగురు తీసిన ఫొటోలు కలిపి ఎవరెక్కడున్నారో చెప్పినట్టు, మడతపడ్డ బొమ్మల్ని విప్పుతారు. 1999లో వచ్చిన సెన్స్, 2002లో వచ్చిన గ్రాపా ఈ తరహావి. తర్వాత 2007లో మైకేల్ లస్టిగ్, డేవిడ్ డోనోహో, జాన్ పౌలీ కంప్రెస్డ్ సెన్సింగ్‌ని ఎమ్మారైకి తెచ్చారు. బొమ్మని ఎలాగూ జేపెగ్ చేసి ముప్పావు వంతు పారేస్తాం కదా, అలాంటప్పుడు అదంతా కొలవడం ఎందుకు, తెలివిగా చెల్లాచెదురుగా కొన్ని చోట్ల కొలిస్తే చాలదా అన్నది అందులో మూలసూత్రం.

నన్ను కట్టిపడేసింది మాత్రం 2013లో నేచర్ పత్రికలో వచ్చిన "ఎమ్మార్ ఫింగర్‌ప్రింటింగ్". క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ యూనివర్సిటీలో డాన్ మా, మార్క్ గ్రిస్‌వోల్డ్, వాళ్ళ బృందం చేశారు. అప్పటిదాకా అందరూ ఒకే తోపు మళ్ళీ మళ్ళీ తోసి, ఆగి, కొలిచేవాళ్ళు. వీళ్ళు ఆగడం మానేశారు. తోపు బలం, మధ్యలో వ్యవధి ప్రతిసారీ మారుస్తూ వెయ్యిసార్లు గబగబా తోశారు. ఒక్కోసారి సేకరించింది కావలసినదాంట్లో 48వ వంతు డేటా. అంటే ప్రతి ఫ్రేమూ చెత్తలాగే ఉంటుంది. కానీ వెయ్యి ఫ్రేముల్లో ఒక చుక్క వెలుగు ఎలా ఎగిరి దిగిందో చూస్తే, అది ఆ చుక్క టీ1, టీ2 జంటకి వేలిముద్ర లాంటిది. ఇంకోపక్క, 1946 నాటి బ్లాక్ సమీకరణాలతో ప్రతి టీ1, టీ2 జంటకీ ఎలాంటి వరస రావాలో ముందే లెక్కగట్టి నిఘంటువు తయారుచేసుకున్నారు. ఇక మిగిలింది లుకప్! రోడ్డు మీద మోతలో పాట సగం సగం వినపడినా "ఇది ఫలానా సినిమాలోది" అని పట్టేస్తామే, అలాగే. ఒక అడ్డకోతకి పన్నెండు సెకన్ల చిల్లరలో టీ1, టీ2 రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ తర్వాత పదేళ్ళలో పరిశోధనశాలల్లో మొత్తం మెదడుని మిల్లీమీటరు ఘనాలుగా కొలవడం కొద్ది నిమిషాల పనికి దిగింది.

ఇది చదివి నేను ఎగిరి గంతేశాను. గంతు దిగాక కొన్ని అనుమానాలూ వచ్చాయి. అవీ చెప్పాలి.

మొదటిది, నెంబరు వచ్చినంత మాత్రాన అది నమ్మదగ్గది అయిపోదు. క్రియాటినిన్ విషయమే చూడండి. ల్యాబుకో రకంగా వస్తోందని గొడవపడి, 2006లో అమెరికా కిడ్నీ నిపుణులు అన్ని పద్ధతుల్నీ ఒకే ప్రామాణిక కొలతకి ముడిపెట్టాలని సిఫార్సు చేస్తేగానీ అది దారికి రాలేదు. టీ1, టీ2లదీ అదే దారి. ఒక పద్ధతిలో వచ్చిన టీ2 ఇంకో పద్ధతిలో వచ్చినదానికి సరిపోదు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్ళు, ఎమ్మారై శాస్త్రవేత్తల సంఘంతో కలిసి, టీ1, టీ2 ముందే తెలిసిన ద్రవాలు నింపిన గోళాలతో ఒక కృత్రిమ తలకాయ తయారుచేశారు. మెషీన్లో దాన్ని పెట్టి, సరిగ్గా చెప్తోందో లేదో చూడొచ్చు. కిరాణా కొట్లో తూనికలవాళ్ళు వచ్చి రాళ్ళు సరిచూసినట్టు. ఈ సరిచూడడం లేకుండా రిపోర్టులో దశాంశ స్థానాలు పెంచితే అది కొలత కాదు, అలంకారం.

రెండోది, నార్మల్ అంటే ఎవరి నార్మల్? హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వాళ్ళు 2019లో వందమంది భారతీయుల మెదళ్ళతో ఒక అట్లాస్ చేశారు, ఐబీఏ 100 అని. అప్పటిదాకా ఎక్కువగా వాడింది మాంట్రియల్ వాళ్ళు పాశ్చాత్యుల స్కాన్లతో చేసిన నమూనా. మనవాళ్ళ మెదడు సగటున పొడవు, వెడల్పుల్లో కొంచెం చిన్నదని తేలింది. (దీనికీ తెలివితేటలకీ సంబంధం లేదు, వ్యాఖ్యల్లో మొదలెట్టకండి బాబూ.) నాకు నచ్చింది ఏంటంటే, మెషీన్ల వల్ల వచ్చే తేడా పట్టుకోవడానికి ప్రాథమిక దశలో మూడు ఆస్పత్రుల్లో మూడు వేరువేరు స్కానర్ల మీద తీసి చూశారు. పరిమాణాలకే అంత జాగ్రత్త పడాల్సొస్తే, టీ1 పట్టిక ఒకటి మన జనానికి తయారుచెయ్యాలంటే ఇంకెంత పడాలి?

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఇప్పుడు వేగం కోసం అందరూ డీప్ లెర్నింగ్ మీద పడ్డారు. 2018లో ఫేస్‌బుక్ పరిశోధకులు, న్యూయార్క్ యూనివర్సిటీ కలిసి ఫాస్ట్ ఎమ్మారై అని డేటా బయటపెట్టారు. మంచిపనే, నేనూ దించుకుని ఆడుకున్నాను. కానీ 2020లో వాళ్ళే పెట్టిన పోటీలో, లేని నిర్మాణాల్ని నెట్‌వర్కులు కల్పించి చూపిన సందర్భాలు బయటపడ్డాయి. బొమ్మలో లేని రక్తనాళం కనబడితే అనుభవమున్న డాక్టరు అనుమానిస్తారు. మరి "టీ1 = 912" అన్న నెంబరు కల్పితమైతే ఎవరు పట్టుకుంటారు? నెంబరుకి ఉన్న గౌరవమే దాని ప్రమాదం. అందుకే ప్రతి నెంబరు పక్కనా ఎంత అటూఇటూ అన్నది ఉండి తీరాలంటాను. అది లేనిది ఆస్పత్రిలోకి రాకూడదు.

ఇన్ని అనుమానాలున్నా ఇది రావాలనే నేనంటాను. దానికి కారణం కూడా ఉద్దానమే.

మెదడులో కొన్ని జబ్బులు స్పష్టంగా చూడాలంటే గాడోలినియం మందు ఎక్కించి స్కాన్ తీస్తారు. కిడ్నీలు బాగున్నవాళ్ళకి అది మూత్రంలో పోతుంది. కిడ్నీలు పోయినవాళ్ళకి ఎక్కడికి పోతుంది? 2006లో ఈ మందుకీ, చర్మం, లోపలి అవయవాలు గట్టిపడిపోయే ఎన్ఎస్ఎఫ్ అనే ఘోరమైన జబ్బుకీ సంబంధం బయటపడింది. 2007లో అమెరికా ఎఫ్డీయే గట్టి హెచ్చరిక పెట్టింది. తర్వాత వచ్చిన కొత్తరకం గాడోలినియం మందుల్లో ఆ ప్రమాదం చాలా తగ్గిపోయింది, అది కూడా చెప్పాలి. అయినా డయాలిసిస్ రోగి అనగానే డాక్టర్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు, ఆలోచించాలి కూడా. కిడ్నీ జబ్బున్నవాళ్ళకేమో స్ట్రోకులు, మెదడులో చిన్న రక్తనాళాల జబ్బు ఎక్కువ. అంటే ఎవరి మెదడుని తరచుగా చూడాలో వాళ్ళకే మందు ఎక్కించడం కష్టం, వాళ్ళకే ఎక్కువసేపు పడుకోవడం కష్టం. మందు లేకుండా, అయిదు నిమిషాల్లో, ఏ ఊళ్ళో తీసినా పోల్చుకోగలిగే నెంబరిచ్చే స్కాన్ అనేది బోస్టన్‌వాళ్ళకి సౌకర్యం. మా వాళ్ళకి అవసరం.

గాడోలినియం చేసే పనులన్నీ టీ1 పటం చెయ్యదు, ఆ భ్రమ వద్దు. కానీ "పెరిగిందా, లేదా?" అన్న మా అత్తయ్య ప్రశ్నకి అది జవాబు చెప్పగలదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. జబ్బు కారణం వెతికేవాళ్ళు నీళ్ళనీ రక్తాన్నీ కొలిచినట్టే, ఏళ్ళ తరబడి ఈ జనం మెదళ్ళలో ఏం జరుగుతోందో కూడా కొలిస్తే బాగుంటుంది. అయితే నాకున్న భయం వేరే. వేగం వస్తే స్కాన్ సెంటర్లు దాన్ని రోజుకి ముప్ఫైమందికి బదులు అరవైమందిని తియ్యడానికి వాడతాయి గానీ, అదే టైములో ఒక్కరిని సరిగ్గా కొలవడానికి వాడతాయా? వేగంతో ఏం కొనుక్కోవాలన్నది టెక్నాలజీ తేల్చదు. అడిగేవాళ్ళుంటే తేలుతుంది.

మనం ఏం చెయ్యగలమంటే, చాలానే. ఈ రంగంలో సగం పని సాఫ్ట్‌వేరే. బర్క్‌లీలో పుట్టిన బార్ట్ ఉంది, కొలత పటాలు తయారుచేసే క్యూఎంఆర్‌ల్యాబ్ ఉంది, స్కానర్ల కోసం సీక్వెన్సులు రాసుకునే పల్సెక్ ఉంది. అన్నీ ఓపెన్ సోర్సే. ఎఫ్ఎఫ్‌టీ, మ్యాట్రిక్సులు, జీపీయూ తెలిసినవాళ్ళు మనలో వేలమంది ఉన్నారు. ఓ ఆదివారం కూర్చుంటే ఫింగర్‌ప్రింటింగ్ నిఘంటువు బొమ్మకారుగానైనా రాసి చూడొచ్చు. నేను పైథాన్‌లో ఒకటి మొదలెట్టాను, ప్రస్తుతానికి మా ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేది అదే. చెయ్యి కలిపేవాళ్ళుంటే ఇక్కడే ఒక మాట రాయండి.

అంత తీరిక లేనివాళ్ళకి ఒక చిన్న పని. ఇంట్లో ఎవరికైనా ఎమ్మారై తీయిస్తే ఫిల్ము, రిపోర్టుతో సరిపెట్టుకోకండి. సీడీ అడిగి తీసుకోండి, మొత్తం ఫైళ్ళు కాపీ చేసి తారీఖు వేసి దాచండి. వీలైతే తర్వాతి స్కాన్ అదే మెషీన్ మీద, అవే సెట్టింగులతో తియ్యమని అడగండి. మేం మావయ్యకి మూడోసారి అలాగే అడగబోతున్నాం. నెంబర్లు వచ్చేదాకా మన చేతిలో ఉన్నది అంతే.